నీళ్ల గురించి ఎవరిని అడగాలి?

“చెరువులో చేపలు తిరుగుతూనే ఉన్నాయి కదండీ, ఇంక నీళ్లకేమైందని?”

కాలుష్యం మాటెత్తగానే ఊళ్లలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అర్థంలేని ప్రశ్నేమీ కాదు. నీరు విషమైతే చేప తేలుతుందని, చేప ఈదుతోందంటే నీరు బాగున్నట్టేనని జనం చూసి తెలుసుకున్నారు. అయితే దానికి జవాబు చెప్పేముందు మనం ఇంకో ప్రశ్న వేయాలి. ఏ చేప?

కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి. వీటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే అదనపు అవయవాలున్నాయి. కొరమీను మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరిచి గాలి పుచ్చుకుని కిందికి పోతుంది. చేపల బజారులో నాలుగు చెంబుల నీళ్లున్న తొట్టిలో అది గంటల తరబడి బతికి ఉండేది అందుకే. బొచ్చె, శీలావతి అలా కావు. నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదే వాటి ప్రాణం ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు పట్టి ఉంచుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే. చేపలు బతకడానికి కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. ఆ రెండంకెల మధ్య ఉన్న తేడా ఎంతో చూడండి. ఆ కాస్త చోటులోకి ఊరి మురుగు వచ్చి కలిస్తే, దాన్ని తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. రాత్రిపూట పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకు నిల్వ మరీ పడిపోతుంది. చెరువుల్లో చేపలు పొద్దున్నే తేలి కనబడటానికి తరచుగా కారణం ఇదే.

అంటే చేపలున్న చెరువులన్నీ ఒకటి కావు. బొచ్చెలు పోయి మార్పులు మాత్రమే మిగిలిన చెరువు చెప్పే కథ వేరు. ఉన్నాయా లేవా అన్నది కాదు, ఎవరు మిగిలారు, ఎవరు కనబడకుండా పోయారు అన్నది చూడాలి. ఈ చూపును పద్ధతిగా నేర్పేదే అనువర్తిత జీవావరణ శాస్త్రంలోని ప్రయోగశాల శిక్షణ.

సీసా చెప్పేది, కాపురస్తులు చెప్పేది

పిల్లకు సంబంధం చూసేటప్పుడు పెద్దవాళ్లు పెళ్లివారింటికి వెళ్తారు. కాఫీ తాగుతారు, మంచీచెడూ మాట్లాడతారు. ఆ పూట ఆ ఇంట్లో అన్నీ సర్దే ఉంటాయి, అందరూ మర్యాదగానే మాట్లాడతారు. కళ్లతో చూసింది అబద్ధం కాదు, కానీ అది ఆ గంట సంగతి మాత్రమే. అందుకే తిరిగొస్తూ వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగుతారు. ఎదురింటివాళ్లతో మాట కలుపుతారు. అప్పులేమైనా ఉన్నాయా, రాత్రుళ్లు గొడవలు వినిపిస్తాయా అని వాకబు చేస్తారు. ఏళ్ల తరబడి పక్కన కాపురమున్నవాళ్లకు తెలిసింది, ఒక పూట వచ్చి వెళ్లినవాళ్లకు తెలియదు.

నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపడం ఆ ఒక్క పూట చూపు. ఉదయం పదకొండింటికి పట్టిన సీసా ఉదయం పదకొండింటి నీటి గురించే చెబుతుంది. అర్ధరాత్రి ఎవరో గేటు ఎత్తి వదిలిన వ్యర్థం తెల్లారేసరికి దిగువకు సాగిపోతే సీసాకు ఆ సంగతే తెలియదు. ఏటి అడుగున రాళ్ల కింద, ఇసుకలో, నీటి మొక్కల కాడల మీద కాపురముండే పురుగులకు మాత్రం తెలుసు. తూనీగ పిల్ల రెక్కలొచ్చి ఎగిరేలోగా వారాలు, నెలలు నీళ్లలోనే గడుపుతుంది. మంచి రాత్రీ చెడ్డ రాత్రీ దాని ఒంటి మీదుగానే వెళ్లాలి. తట్టుకోలేని జాతి అక్కడ కనబడకుండా పోతుంది. తట్టుకునే జాతి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తుంది. ఇలా పరిసరాల స్థితిని తమ ఉనికితో, లేమితో, సంఖ్యతో, శరీరంలోని మార్పులతో తెలియజేసేవాటిని సూచక జీవులు అంటున్నాం. శాస్త్రవేత్తలు బయోఇండికేటర్లు అనేది వీటినే. ఆల్చిప్పల్లాంటివి మరోలా ఉపయోగపడతాయి. నీటిలో లేశమాత్రంగా ఉండే లోహాలు వాటి కండలో పేరుకుంటాయి కాబట్టి, సీసాలో దొరకనిది చిప్పలో దొరుకుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు మనకు తెలుసు. అది పువ్వు కాదు, లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి ఒకటిగా బతికే జీవి. దానికి వేళ్లు లేవు, ఆకుల మీద ఉండే మైనపు పొర లాంటి రక్షణా లేదు. కావలసిందంతా గాలి నుంచి, వాన నుంచి, మంచు నుంచి పీల్చుకుంటుంది, దాంతో పాటే విషాన్నీ పీల్చుకుంటుంది. విలియం నైలాండర్ అనే ఫిన్లండ్ శాస్త్రవేత్త 1866లో పారిస్ నగరంలోని లక్సెంబర్గ్ తోటలో చెట్ల మీద లైకెన్లను నమోదు చేస్తూ, ఇవి గాలి మంచిచెడ్డలకు కొలమానమవుతాయని రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు బ్రిటన్‌లో చెట్ల బెరడు మీది లైకెన్లను బట్టి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉందో అంచనా కట్టే పట్టికనే తయారుచేశారు. నీటి విషయంలో జర్మనీకి చెందిన కోల్క్‌విట్జ్, మార్సన్ 1900ల తొలి దశకంలోనే, మురుగు కలిసిన నదిలో ఎంత దూరాన ఏ జీవులుంటాయో చూసి నదిని మండలాలుగా విడదీశారు.

మన గడ్డ మీదా ఈ పని జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త వి. వెంకటేశ్వర్లు హైదరాబాదు దగ్గర మూసీ నదిలోని శైవలాలను, నీటి కాలుష్యాన్ని దృష్టిలో పెట్టుకుని అధ్యయనం చేశారు. ఆ వ్యాసాలు 1969లో హైడ్రోబయాలజియా పత్రికలో వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో పామర్ మురుగును తట్టుకునే శైవలాలకు అంకెలిచ్చాడు. ఆ పట్టికలో యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5. ఒక నమూనాలో కనబడినవాటి అంకెలు కూడితే 20 గానీ అంతకు మించి గానీ వచ్చిందంటే అక్కడ మురుగు బాగా కలిసినట్టే. మూసీ గురించి ఇవాళ జరిగే ప్రతి చర్చలోనూ ఆ తొలినాటి పరిశీలనలు గుర్తుకు రావాలని నా కోరిక. ఒక నది ఒకప్పుడు ఎలా ఉండేదో రాసిపెట్టినవాళ్లు ఉండటం ఆ నది అదృష్టం.

వల, తెల్ల ట్రే, భూతద్దం

ఇరుగుపొరుగును అడగడం కూడా ఒక విద్యే. అడగడం చేతకాకపోతే సగం మాటలే దొరుకుతాయి. ఎకాలజీ ప్రాక్టికల్ అంటే రికార్డు పుస్తకంలో బొమ్మలు గీయడమని సరిపెట్టుకునే చోట్ల విద్యార్థికి ఈ విద్య రాదు. చేతులు తడవాలి.

మొదటి పాఠం ఆక్సిజన్ కొలవడం. హంగరీకి చెందిన వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతే నేటికీ కాలేజీల్లో నేర్పుతున్నారు. గాజు మూత ఉన్న సీసాను నీటిలో ముంచి, ఒక్క బుడగ కూడా చిక్కుకోకుండా నింపాలి. బుడగ ఉంటే అందులోని ఆక్సిజన్ లెక్కలో కలిసిపోతుంది. వెంటనే ఒడ్డునే మాంగనీస్ సల్ఫేట్, క్షారంతో కలిపిన అయొడైడ్ వేస్తారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. కచ్చితమైన అంకె ల్యాబ్‌లో తేలుతుంది కానీ, మురుగు కాలువ ఒడ్డున ఆ తెల్లని మడ్డిని చూసిన విద్యార్థికి ‘ఆక్సిజన్ లేని నీరు’ అన్న మాట మళ్లీ వివరించనక్కర్లేదు.

తర్వాత పురుగుల వంతు. పారే ఏరైతే వల నోటిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దానికి ఎగువన నిలబడి కాళ్లతో అడుగు రాళ్లను కదిలిస్తారు. రాళ్లు పట్టుకుని ఉన్న జీవులు ఊడి ప్రవాహంతో వలలోకి వస్తాయి. సాధారణంగా ఇలా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ ఒకేచోట గడపకూడదు. రాళ్ల మీదుగా గలగలా పారే చోటు, ఇసుక, ఒడ్డున గడ్డి, నిలిచిన మడుగు, అన్నింటికీ వాటా పంచాలి. చెరువుల్లో కాలితో కదిలించడం కుదరదు కాబట్టి నీటి మొక్కల మధ్య వలను ఈడుస్తారు, అడుగు బురదను తీసి జల్లెడ పడతారు. ఒకే ఏటిలో రెండు మూడు చోట్ల పట్టాలంటే దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు నడవాలి. ఎగువన ముందు తొక్కితే రేగిన బురద, ఊడిన పురుగులు దిగువ లెక్కను పాడుచేస్తాయి. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చోట ఒట్టి కాళ్లతో ఎవరూ దిగకూడదు, ఒంటరిగా అసలే దిగకూడదు. ఈ రెండు నియమాల్లో సడలింపు లేదు.

వలలో పడ్డదంతా తెల్లని ట్రేలో, కొద్ది నీటిలో వేస్తారు. మొదట ఆకుల ముక్కలు, ఇసుక, బురద తప్ప ఏమీ కనబడవు. కాసేపు కదపకుండా ఉంచితే మట్టి దిగుతుంది, కదలికలు మొదలవుతాయి. ఇక్కడే కొత్తవాళ్ల కన్ను మోసపోతుంది. పెద్దవి, చురుకుగా కదిలేవి ముందు దొరుకుతాయి. ఇసుక రేణువులతో తన చుట్టూ గొట్టంలాంటి గూడు కట్టుకుని కదలకుండా పడుండే క్యాడిస్ పురుగు చెత్తలో కలిసి బయటికి పోతుంది. అందుకే ఒకరు ఏరిన ట్రేను మరొకరు మళ్లీ ఏరాలి. రెండోసారి ఎన్ని దొరికాయో నోట్‌బుక్‌లో రాయాలి. తన కన్ను ఎంత వదిలేస్తోందో తెలియడం ఈ శిక్షణలో చాలా పెద్ద మెట్టు.

ఇక గుర్తుపట్టడం. పేర్లు బట్టీ పట్టించే కంటే, ఒళ్లు చూసి బతుకు చెప్పడం నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. మేఫ్లై పిల్లను భూతద్దం కింద పెట్టండి. పొట్టకు రెండు వైపులా రేకుల్లాంటి మొప్పలు బయటికే కనబడతాయి, చివర సాధారణంగా మూడు తోకలుంటాయి. మొప్పలు అంత బాహాటంగా ఉన్న జీవికి ఒండ్రు పేరుకున్నా కష్టమే, ఆక్సిజన్ తగ్గినా కష్టమే. స్టోన్‌ఫ్లై పిల్లకు రెండే తోకలు. చల్లగా, వేగంగా, స్వచ్ఛంగా పారే నీరు దానికి కావాలి. కైరోనోమస్ పిల్ల ఎర్రగా ఉంటుంది. అక్వేరియం దుకాణాల్లో చేపల మేతగా అమ్మే బ్లడ్‌వర్మ్ ఇదే. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటిదే దాని ఒంట్లోనూ ఉంది కనుక, ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌నూ పట్టుకోగలదు. ట్యూబిఫెక్స్ పురుగులు తల బురదలో దించి, తోక పైకెత్తి ఊపుతూ శ్వాసిస్తాయి. ఎలుకతోక పురుగు అనే ఈగ పిల్లకు వెనక పొడవాటి గొట్టముంటుంది. దాన్ని నీటి పైకి చాచి గాలినే పీలుస్తుంది, దానికి నీటిలో ఆక్సిజన్‌తో పనే లేదు. కొరమీను విషయంలో చూసిందే ఇక్కడా కనిపిస్తోంది కదా. ఎవరు దేన్ని ఎందుకు తట్టుకుంటారో తెలిసిన విద్యార్థికి పట్టిక మర్చిపోయినా ఫరవాలేదు.

మార్కులు వేయడం

బ్రిటన్‌లో 1970ల చివర ఒక బృందం నీటి పురుగుల కుటుంబాలకు 1 నుంచి 10 వరకు మార్కులిచ్చింది. అతి సున్నితమైనవాటికి 10, అన్నీ ఓర్చుకునేవాటికి 1. ఊరికి ఎగువన పట్టిన నమూనాలో ఏడు కుటుంబాలు దొరికాయనుకుందాం. పదేసి మార్కుల మేఫ్లై కుటుంబాలు రెండు, 8 మార్కుల తూనీగ, 7 మార్కుల చిన్న మేఫ్లై, 5 మార్కుల వల అల్లే క్యాడిస్, 4 మార్కుల బీటిడే అనే మేఫ్లై, 2 మార్కుల కైరోనోమిడ్. మొత్తం 46, కుటుంబానికి సగటున 6.6. ఊరి మురుగు కలిశాక దిగువన బీటిడే 4, నత్త 3, జలగ 3, కైరోనోమిడ్ 2, ట్యూబిఫెక్స్ జాతి 1 మాత్రమే మిగిలితే మొత్తం 13, సగటు 2.6. మొత్తం కన్నా సగటును నమ్మడం మంచిది. ఎక్కువసేపు వెతికితే ఎక్కువ కుటుంబాలు దొరికి మొత్తం పెరుగుతుంది, సగటు మాత్రం అంతగా ఊగదు.

పేర్లు ఏమీ తెలియని బడిపిల్లలతో కూడా చేయించగల పద్ధతిని 1968లో జాన్ కేర్న్స్, ఆయన సహచరులు ఇచ్చారు. దొరికిన పురుగులన్నీ కలిపి, ఎంచుకోకుండా ఒకదాని తర్వాత ఒకటి వరసలో పెట్టాలి. ప్రతిదాన్నీ దాని ముందున్నదానితో పోల్చాలి. రెండూ ఒకే రకమైతే అదే గుంపు, వేరైతే కొత్త గుంపు మొదలు. గుంపుల సంఖ్యను మొత్తం పురుగుల సంఖ్యతో భాగించాలి. అన్నీ ఒకటే రకమైతే ఫలితం సున్నాకు దగ్గరవుతుంది, ప్రతి పురుగూ పక్కదానికి భిన్నమైతే 1. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ప్రమాణాల్లో ఈ వైవిధ్య అంకెనూ, కుటుంబాల మార్కుల సగటునూ కలిపి చూసి, నీటిని స్వచ్ఛం నుంచి తీవ్ర కాలుష్యం దాకా ఐదు తరగతులు చేస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక. ఇంగ్లండు చల్లని వాగుల కోసం రాసిన పట్టికను మన ఎర్రటి ఎండల చెరువుకు యథాతథంగా వాడకూడదు. మైదానపు చెరువులో స్టోన్‌ఫ్లై దొరకలేదంటే నీరు చెడిపోయిందని అర్థం కాదు, అది దాని చోటే కాదు. వానాకాలం వరదకు అడుగు కొట్టుకుపోయిన వారంలో ఏ ఏరయినా పేదగానే కనబడుతుంది. అందుకే పోలిక తప్పనిసరి. అదే ఏరు, అదే కాలం, అదే రకం అడుగు ఉండి, మురుగు మాత్రం కలవని చోటు ఒకటి వెతికి పట్టుకోవాలి. ఆ చోటు మార్కులతో పోల్చనిదే దిగువ మార్కులకు అర్థం లేదు. అలాంటి చోటును వెతకడానికే ఒక రోజంతా పట్టినా అది వృథా కాదు.

ఉల్లిపాయతో ఒక పరీక్ష

ఏటిలోని జీవులు జరిగిపోయినదాన్ని చెబుతాయి. జరగబోయేది తెలియాలంటే, ఆ నీటిని ల్యాబ్‌కు తెచ్చి ఒక ప్రాణికి పెట్టి చూడాలి. దీన్ని జీవపరీక్ష అందాం. దాఫ్నియా అనే చిన్న నీటి జీవిని వాడి చేసే పరీక్ష ప్రపంచమంతా ఉంది. పుట్టి ఒక్క రోజైనా దాటని పిల్లలను పరీక్ష నీటిలో వేసి, 48 గంటల్లో ఎన్ని కదలిక కోల్పోయాయో లెక్కపెడతారు. కానీ దాఫ్నియాను ఏడాది పొడుగునా పెంచే వసతి ప్రతి కాలేజీకీ ఉండదు. ఉల్లిపాయ ఉంటుంది.

చిన్న ఉల్లిపాయలు తీసుకుని పై పొరలు ఒలిచి, అడుగున ఎండిన వేళ్లను జాగ్రత్తగా గీకేస్తారు. కొత్త వేళ్లు పుట్టే వలయానికి గాటు పడకూడదు. పరీక్ష నీరు నింపిన గొట్టం మీద ఉల్లిపాయను, అడుగు మాత్రం తడిసేలా నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచుతారు. నీటిని రోజూ మారుస్తారు. మురుగును రకరకాల పాళ్లలో పలచన చేసి ఒక్కో పాలుకు కొన్ని ఉల్లిపాయలు, మంచి బావి నీటిలో మరికొన్ని. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని పోలికకు వాడకూడదు. మొలకెత్తకుండా రసాయనాలు గానీ గామా కిరణాలు గానీ ప్రయోగించిన ఉల్లిపాయలూ పనికిరావు, కాబట్టి రైతు దగ్గర కొనడమే మేలు. మూడో రోజుకు తేడా కంటికే కనబడుతుంది. బావి నీటిలో తెల్లని పొడవాటి వేళ్లు, చెడ్డ నీటిలో పొట్టిగా, గోధుమరంగుకు తిరిగి, కొన్నిసార్లు కొక్కెంలా వంగిన వేళ్లు.

అసలు కథ సూక్ష్మదర్శిని కింద ఉంది. 48 గంటలకు కోసిన వేరు కొసలను ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాలు మిశ్రమంలో నిలవచేసి, వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలు మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టిస్తారు. కవర్ స్లిప్ మీద వడపోత కాగితం వేసి, పక్కకు జరగకుండా బొటనవేలితో నొక్కుతారు. ఈ ఒక్క నొక్కుడు కుదరడానికి చాలా స్లైడులు పాడవుతాయి, పాడవనివ్వాలి. కుదిరిన స్లైడులో విభజన చెందుతున్న కణాలు, వాటిలో 16 క్రోమోజోములు స్పష్టంగా కనబడతాయి. వెయ్యి కణాల్లో ఎన్ని విభజనలో ఉన్నాయో లెక్కపెట్టాలి. చెడ్డ నీటిలో ఆ సంఖ్య తగ్గుతుంది. విడిపోవాల్సిన క్రోమోజోముల మధ్య అతుకు తెగకుండా వంతెనలు, వెనకబడిపోయిన ముక్కలు కనబడతాయి. అంటే ఆ నీరు జన్యుపదార్థాన్నే దెబ్బతీస్తోంది.

ఈ పద్ధతికి పునాది 1938లో స్వీడన్‌లో ఆల్బర్ట్ లెవాన్ వేశాడు. మన పొలాల గట్ల మీద కనబడే అడవినాభి దుంపలోనూ ఉండే కోల్చిసిన్ అనే పదార్థం ఉల్లి వేరు కణాలను ఏం చేస్తుందో ఆయన చూశాడు. వేరు కొసలను నొక్కి క్రోమోజోములను విడివిడిగా చూసే ఆ నేర్పే తర్వాత మనిషి కణాల మీదికీ వచ్చింది. మనిషి క్రోమోజోములు 48 కాదు, 46 అని 1956లో ట్జియోతో కలిసి తేల్చింది ఈ లెవానే. 1985లో అదే దేశానికి చెందిన ఫిస్కెస్యో ఉల్లి పరీక్షను పర్యావరణ పరీక్షగా ప్రామాణీకరించింది. కాలేజీ ల్యాబ్‌లో ఉల్లి వేరును నొక్కే విద్యార్థికి ఈ చరిత్ర చెప్పాలి. ఖరీదైన యంత్రం లేకపోవడం లోటు కాదని అప్పుడు తెలుస్తుంది.

కప్పపిల్ల చెప్పలేనిది

సూచక జీవులకు ఒక పరిమితి ఉంది. ఏదో జరిగిందని అవి చెబుతాయి, ఏ రసాయనం వల్ల జరిగిందో చెప్పలేవు. రసాయన పరీక్షకు ఇంకో పరిమితి ఉంది. వెతికిందే దొరుకుతుంది. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరు ఉదంతం ఈ రెండింటినీ చూపిస్తుంది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. శుద్ధి కేంద్రాల్లో మామూలుగా కొలిచే అంకెలు యాంటీబయాటిక్‌లను పట్టుకోవు. 2009లో వచ్చిన అధ్యయనంలో అదే కేంద్రం నీటిని 500 వంతులకు ఒక వంతు చొప్పున పలచన చేసి కప్పపిల్లలను పెంచితే, వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. మందుల జాబితా ఎవరూ ఇవ్వకపోయినా ఆ నీటిలో ఏదో ఉందని కప్పపిల్ల చెప్పగలదు. అది సిప్రోఫ్లాక్సాసినా మరొకటా అన్నది మాత్రం యంత్రమే తేల్చాలి.

కాబట్టి శిక్షణలో చివరి పని రెండింటినీ కలపడం. దిగువన మార్కులు పడిపోయాయని తేలాక విద్యార్థులు ఎగువకు నడుస్తూ, ఒక్కో కాలువ కలిసే చోటుకు పైనా కిందా వల వేస్తారు. సున్నితమైన మేఫ్లైలు మళ్లీ కనబడే దాకా నడవాలి. మార్కులు ఒక్కసారిగా పడిపోయిన రెండు చోట్ల మధ్యనే కలవకూడనిదేదో కలుస్తోంది. రసాయన పరీక్షకు సీసా నింపాల్సింది అక్కడే. పగలు ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఇంకోసారి.